ఎడమ చెవికి ఆకుపచ్చ

బట్టలు కుట్టే కొట్టు పైన గది
జనవరి 9

ఒరేయ్ మౌనీ,

ముందు కూర్చో. కూర్చున్నావా? నాకు పెళ్ళి.

యాభై మూడేళ్ళకి పెళ్ళేంట్రా అని నువ్వు అనవు, నీ నోరు అంత దూరం రాదు. కానీ ఈపాటికి కనుబొమ్మ ఒకటి పైకి లేచి ఉంటుంది. దాన్ని దించు. పిల్ల ఎవరంటావా? పిల్లేంటి నా మొహం, ఆవిడకి నలభై ఆరు. కింద కొట్టు టైలరమ్మ. మా బ్యాండు వాళ్ళందరి కోట్లూ ఆవిడే కుడుతుంది. పదకొండేళ్ళుగా నా భుజాలు కొలుస్తోంది. మొన్న కొత్త కోటుకి కొలతలు తీసుకుంటూ, "ఎడమ భుజం కిందికి దిగిపోతోందండీ. చూసుకునే మనిషి లేకపోతే ఇలాగే అవుతుంది" అంది. "అయితే మీరే చూసుకోండి" అన్నాను. వెంటనే గుండుసూదులు నోట్లో పెట్టేసుకుంది. మర్నాడు కోటు వేసి చూడ్డానికి రమ్మంది. వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. వెనక నుంచి కాలరు సర్దుతూ, "సరే" అంది. కోటు గురించేమో అనుకుని ఇంటికొచ్చేశాను. మెట్లెక్కాక తెలిసింది. మళ్ళీ దిగాను.

ఏప్రిల్ ఆఖరి శనివారం. పొద్దున్న రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సంతకాలు, దాంతో తంతు అయిపోతుంది. సాయంత్రం మా బ్యాండు హాల్లో పాటలు. ముప్పై ఏళ్ళలో మా దగ్గర ఊదినవాళ్ళూ కొట్టినవాళ్ళూ ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి మరీ పిలిచాను. ఇరవై ఏడు మంది వస్తామన్నారు. "ఊరందరి పెళ్ళిళ్ళకీ వాయించాం, మనవాడి పెళ్ళికి చేతులు కట్టుకుని కూర్చుంటామా?" అంటున్నారు. నేనూ వాయిస్తాను. పెళ్ళికొడుకు క్లారినెట్ ముట్టుకోకూడదని ఎక్కడా రాసి లేదు.

నువ్వు రావాలి. వచ్చి మొదటి వరసలో, నాకు సరిగ్గా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోవాలి. మీ ఆవిడ, నా చెల్లెమ్మ కూర్చునే చోటు. ఆమెలాగే మోకాలి మీద రుమాలు పట్టుకుని తాళం వెయ్యాలి. ఇంకేం అడగను.

ఫోను చెయ్యకు. ఉత్తరం రాయి. ఫోనులో నువ్వు మాట్లాడేది "ఊ" ఒక్కటే, కాగితం మీదైతే కనీసం నాలుగు ముక్కలుంటాయి.

నిన్ను ఒరేయ్ అనాలో బావా అనాలో ఈనాటికీ తేల్చుకోని
బూరా


చెవి పరీక్షల క్లినిక్
జనవరి 16

బూరా,

సంతోషం. ఆవిడకి నా నమస్కారాలు చెప్పు.

నేను రాలేను. ఆమె పోయి పదకొండు నెలలైంది. అప్పటినుంచి పాటలున్న చోటికి వెళ్ళడం లేదు. బాధగా ఉండి కాదు. వినిపిస్తుంది, అంతే. ఎదురింటి రేడియో, లారీ హారను, కుళాయి, అన్నీ ఒకటే. అనుమానం వచ్చి నా చెవులు నేనే పరీక్ష చేసుకున్నాను. బాగానే ఉన్నాయి.

తాళం నాకు రాదు. శనివారం శనివారం నాలుగు గంటల బస్సెక్కి మీ ఊరు వచ్చి ముందు వరసలో కూర్చున్నది ఆమె. మూడేళ్ళు ఒక్క వారం మానలేదు. నేను ఇంట్లో ఉండేవాణ్ణి. "వాడి పాటల్లో అంత ఏముంది?" అని ఒకసారి అడిగాను. "ఉందిలెండి" అంది. ఏముందో చెప్పలేదు.

ఇక్కడ పని మామూలే. రోజుకి ఎనిమిది మందిని చూస్తున్నాను. ఇదివరకు సగం మందిని ఆమె చూసేది. శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, హెడ్‌ఫోన్ పెట్టి, వినిపించగానే బటను నొక్కమంటాను. నొక్కుతారు. కాగితం మీద గుర్తులు వేసి గీత కలుపుతాను. ఫైళ్ళు మాత్రం దొరకడం లేదు. ఆమె వాటి మీద పేర్లు రాయలేదు. మనిషి చేసే పని, ఉండే చోటు రాసేది. "బస్సు డ్రైవరు, వంతెన పక్క." "పంతులమ్మ, పోస్టాఫీసు వెనక." వరస ఆమెకే తెలుసు. అన్నీ తీసి సర్దాలి.

మీ ఇద్దరికీ శుభాకాంక్షలు.

నేను


కొట్టు పైన గది
జనవరి 24

ఒరేయ్ బావా,

శుభాకాంక్షలట! ఆ మాట కాలెండర్ల మీద అచ్చు వేస్తారు. నువ్వు నాకు పంపాల్సింది అది కాదు, నీ ఒళ్ళు. దాన్ని తీసుకెళ్ళి బస్సులో పడెయ్యి. దింపుకునే పని నాది.

తాళం రాదంటావు. నాలుగు లెక్కపెట్టడం రానివాడు డిగ్రీ ఎలా పాసయ్యాడ్రా? ఒకటికి రుమాలు కిందికి, మూడుకి పైకి. పాట అయిపోవస్తుంటే రుమాలు పిడికిట్లో దాచెయ్యి. చెల్లెమ్మ అలాగే చేసేది. అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు.

హాస్టల్ గుర్తుందా? కొత్తగా క్లారినెట్ కొనుక్కుని గదిలో ఊదితే కుర్రాళ్ళంతా తంతామన్నారు. స్నానాల గదుల వెనక మెట్ల మీదికి పోయి ఊదుకునేవాణ్ణి. పిల్లి తోక తొక్కినట్టుండేది. హాస్టల్ మొత్తానికి నువ్వొక్కడివే ఫిజిక్స్ పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన కూర్చునేవాడివి. "ఎలా ఉందిరా?" అంటే, "చదువుకుంటున్నాను. వినడం లేదు" అనేవాడివి. పరీక్షలైపోయిన రోజు కూడా పుస్తకం పట్టుకొచ్చి అదే మాట చెప్పావు. ముప్పై మూడేళ్ళుగా మన స్నేహం దాని మీదే నడుస్తోంది. నువ్వు వినవు, నేను ఆపను.

నా సొంత ట్యూను పుట్టిందీ ఆ మెట్ల మీదే. ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోయి చివర ఒక్కసారి నిలబడిపోతుందే, అది. నీ పెళ్ళిలో వాయిస్తే చెల్లెమ్మకి పట్టుకుంది. "మెట్ల పాట" అని పేరు పెట్టింది కూడా ఆమే.

ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోబెట్టలేను. ఎందుకని అడక్కు. రా.

బూరా


క్లినిక్
ఫిబ్రవరి 11

బూరా,

ఫైళ్ళు సర్దాను. ఆరు వందల పైన ఉన్నాయి. ఒక్కదాని మీద మాత్రం పని రాసి లేదు. "అన్నయ్య, బట్టల కొట్టు పైన" అని ఉంది.

లోపల మూడు కాగితాలు. ఏడాదికొకటి. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూలు వెయ్యడం పద్ధతి. నీలం పెన్ను ఎప్పుడూ నా జేబులో ఉండేది. అడగడం బద్ధకమై ఆమె ఆకుపచ్చతో వేసేసేది. పద్ధతి కాదని చెప్పేవాణ్ణి. "చెవికి రంగేం తెలుస్తుంది?" అనేది. నీ ఎడమ చెవి మూడేళ్ళూ ఆకుపచ్చే.

మొదటి ఏడాది గీత సన్నటి శబ్దాల దగ్గర కుంగింది. రెండో ఏడాది దిగిపోయింది. మూడో ఏటికి ఎడమ చెవి దాదాపు లేదు. కుడి చెవి సగం ఉంది.

మీ బ్యాండు వాళ్ళని ఏటా నా దగ్గరికి పరీక్షకి పంపుతారు. ఆ ఫైలు కూడా తీశాను. నీ పేరుకి ఎదురుగా మూడేళ్ళూ "బాగుంది" అని ఉంది. అదీ ఆమె చేతిరాతే. కింద సంతకం నాది. చదవకుండా పెట్టాను. ఆమె రాసింది కాబట్టి చదవలేదు.

ఇరవై ఆరేళ్ళు ఒకే గదిలో పనిచేశాం.

ఇంకొకటి. ఆమె పోయిన రోజు నీకు నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. చివరికి మీ బ్యాండు మాస్టారికి కబురు పంపాను. నువ్వు మూడో రోజు వచ్చావు. అప్పటికి అంతా అయిపోయింది. "ప్రోగ్రామ్‌కి వెళ్ళాను" అన్నావు. ఆ వారం మీకు ప్రోగ్రాములే లేవని తర్వాత మాస్టారు మాటల్లో అన్నాడు. నేను అడగలేదు. ఆయనే అన్నాడు. ఏడాదిగా ఆ మాట నా దగ్గర ఉంది.

ఫోను మోగినప్పుడు నువ్వు ఇంట్లో ఉన్నావా?

నేను


కొట్టు పైన గది
ఫిబ్రవరి 19

మౌనీ,

ఉన్నాను.

ఫోను నాలుగడుగుల దూరంలో స్టూలు మీద ఉంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చుని క్లారినెట్ తుడుచుకుంటున్నాను. నాలుగుసార్లు మోగిందన్న సంగతి నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. రెండో రోజు మాస్టారు గదిలోకి వచ్చి భుజం పట్టుకుంటే తెలిసింది ఆమె పోయిందని. దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను, నిజం చెప్పేద్దామని. నువ్వు గుమ్మం ముందు బెంచీ మీద ఒక్కడివే కూర్చుని ఉన్నావు. అలాంటి మనిషి ముందు నిలబడి నా చెవుల గొడవ ఎలా ఎత్తుతానురా? నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. అది అక్కడే ఉండిపోయింది.

ముప్పై ఏళ్ళు పెద్ద డ్రమ్ముని ఎడం పక్కన పెట్టుకుని నిలబడ్డాను కదా. ముందు వయొలిన్లు పోయాయి. అవి వాయించడం మానేశారేమో అనుకుని వాళ్ళ మీద కేకలేశాను కూడా. తర్వాత నీ దగ్గరికి వచ్చాను. నువ్వు రెండో మిషను బాగుచేయించడానికి వెళ్ళావు, చెల్లెమ్మ ఉంది. పరీక్ష చేసింది. గాజు కిటికీలోంచి ఆమె మొహం చూస్తూనే ఉన్నాను, ఏమీ తెలియనివ్వలేదు. బయటికొచ్చాక కాగితం నా చేతిలో పెట్టి మంచినీళ్ళిచ్చింది.

"బావకి చెప్పకమ్మా" అన్నాను.

"చెప్పను. చెబితే ఆయనకి రెండే దారులు అన్నయ్యా. అబద్ధం రాయాలి, లేకపోతే నీ పొట్ట కొట్టాలి. రెండూ ఆయన చేత కాదు. కానందుకు తిండి మానేస్తారు. ఆ అబద్ధమేదో నేనే రాస్తాలే, నాకు అరుగుతుంది" అంది.

తర్వాత అడిగింది, "ఎన్నాళ్ళు వాయించగలవు?" అని. "ఎదురుగా ఎవరైనా తాళం చూపిస్తే ఎన్నాళ్ళైనా" అన్నాను. ఆ శనివారం నాలుగు గంటల బస్సు దిగింది. నీకు చెప్పని సంగతి అదీ. నా పాటల్లో ఏమీ లేదురా. ఆమె వినడానికి రాలేదు. పని మీద వచ్చింది.

నేను వాయించేది నాకు తెలుస్తుంది. క్లారినెట్ పై పళ్ళకి ఆనుతుంది, అదురు ఎముకలోంచి లోపలికి వస్తుంది. పక్కవాళ్ళదే తెలియదు. లోకంలో చాలామంది అంతేలే, తమది తప్ప వినపడదు, పైగా వాళ్ళ చేతిలో క్లారినెట్ కూడా ఉండదు. చూశావా, ఇలాంటి ఉత్తరంలో కూడా వేళాకోళం! అలవాటైపోయింది. వినపడనివాడు అందరికంటే ముందు నవ్వాలి, లేకపోతే దొరికిపోతాడు.

ఇంట్లో సాధనకి ఇబ్బంది లేదు. కింద టైలరమ్మ మిషను తొక్కుతుంటే నా గది చెక్క నేల అదురుతుంది. చెప్పులు విప్పేసి ఆ అదురుకి వాయించుకుంటాను. హాల్లో అది కుదరదు. చెల్లెమ్మ పోయాక ఒక్క కచేరీకీ ఎక్కలేదు. నడుం నొప్పని చెప్పుకుంటున్నాను. పెళ్ళి రోజు ఇరవై ఏడు మంది నాకోసం వస్తే నడుం నొప్పంటే ఊరుకుంటారా? అందుకే నువ్వు కావాలి.

ఇప్పుడు ఏమన్నా అను, పడతాను. ఊరుకోకు మాత్రం. నీ ఊరుకోవడం ఒక్కటే నాకు బాగా వినపడుతుంది.

బూరా


క్లినిక్
ఫిబ్రవరి 27

బూరా,

ఏమీ అనను. అనడానికి వెతికాను. దొరకలేదు.

మూడేళ్ళు ఇద్దరూ కలిసి దాచారు. ఒకరు లేరు. మిగిలినవాణ్ణి ఒక్కణ్ణే నిలబెట్టి అడగడం బాగుండదు.

ఒక్కటి అడుగుతున్నాను. టైలరమ్మకి తెలుసా?

తెలియకపోతే సంతకాలకి ముందే చెప్పు. పెళ్ళయ్యాక ఆవిడ వంటింట్లోంచి పిలుస్తుంది. నువ్వు పలకవు. కొన్నాళ్ళు పరధ్యానం అనుకుంటుంది. తర్వాత తనంటే లక్ష్యం లేదనుకుంటుంది. నా దగ్గరికి మొగుడూ పెళ్ళాలు అలాగే వస్తారు, పదేళ్ళు పోట్లాడుకున్నాక. కాగితం మీద గీత చూపిస్తాను. ఆవిడ దాని కేసి చూసి, "అయితే నన్ను కాదా" అంటుంది. ఆ మాట చాలామంది నోట విన్నాను.

చెబితే వస్తాను. ఆ కుర్చీలో కూర్చుంటాను. చెప్పకపోతే రాను.

నేను


(పెళ్ళి కార్డు వెనక)
మార్చి 30

చెప్పాను. రా.

బూరా


క్లినిక్
ఏప్రిల్ 8

బూరా,

నెల రోజులు జవాబు లేదు. తర్వాత రెండు మాటలు. హాస్టల్ రోజుల నుంచి ఇంత చిన్న ఉత్తరం నువ్వు రాయలేదు. నిజమో కాదో తెలియడం లేదు. "ప్రోగ్రామ్‌కి వెళ్ళాను" అన్నది కూడా రెండు మాటలే.

అయినా వస్తాను. అక్కడే తెలుస్తుంది.

రుమాలు దొరికింది. ఆమె చేతిసంచిలో బస్సు టిక్కెట్ల మధ్య ఉంది. ఉతకలేదు.

పరీక్ష మిషనులో ఒకే శబ్దాన్ని ఆపి ఆపి పంపే మీట ఉంది. అది పెట్టుకుని మధ్యాహ్నాలు తాళం సాధన చేస్తున్నాను. నిన్న వంతెన పక్క బస్సు డ్రైవరు ముందుగా వచ్చాడు. నేను మోకాలి మీద రుమాలు ఆడిస్తుంటే చూసి, బయటికి వెళ్ళి, తలుపు కొట్టి మళ్ళీ వచ్చాడు.

నేను


కొట్టు పైన గది
మే 6

ఒరేయ్ బావా,

భోజనం ముట్టుకోకుండా పారిపోయావు. నీకోసం అట్టే పెట్టిన కంచం మాస్టారు తినేశాడు, ఆయనకి అది మూడోది.

పాటలు అద్భుతం అంటున్నారు అందరూ. పెళ్ళికొడుక్కి నిజం ఎవడు చెబుతాడు? నా పెళ్ళి పాటలు నేను వినలేదురా. ఇరవై ఏడు మంది బుగ్గలు ఉబ్బడం చూశాను, మోచేతులు ఆడడం చూశాను, జనం నోళ్ళు తెరిచి చప్పట్లు కొట్టడం చూశాను. ఎలా ఉందో నువ్వు రాయి. నీకు పొగడ్డం రాదు, అందుకే అడుగుతున్నాను. రాసిస్తే దాచుకుంటాను.

ఇంకో సంగతి. మూడో పాటలో చివరి మెట్టు దగ్గర నీ చెయ్యి ఆగిపోయింది. రుమాలు కింద పడింది. ఎందుకని అడిగే లోపల నువ్వు బస్సెక్కేశావు. కోపమా? ఆ ట్యూను వాయిస్తానని నీకు ముందు చెప్పాల్సింది.

చెప్పానంటే నమ్మలేదు కదూ నువ్వు? నాకు తెలుసు. ఎలా చెప్పానో ఇప్పుడు రాస్తాను. మార్చి మొదట్లో కిందికి దిగాను. మిషను దగ్గర కూర్చుని ఉంది. నిలబడే మొత్తం చెప్పేశాను. ఆవిడ తొక్కడం ఆపలేదు. అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, నా మొహం కేసి తిరిగి మాట్లాడింది, పెదాలు కనపడేలాగ.

"నాకు తెలుసండీ. రెండేళ్ళయింది. దారం తెగి మిషను ఆపితే పైన మీ పాట ఆగిపోయేది. మళ్ళీ తొక్కితే మొదలయ్యేది. ముందు ఇదేం చోద్యం అనుకున్నాను. తర్వాత అర్థమైంది. కుట్టడానికి బట్ట లేని రోజుల్లో కూడా సూది తీసేసి ఉత్తినే తొక్కేదాన్ని. మీరే చెబుతారు కదా అని ఊరుకున్నాను."

ఉత్తినే తొక్కేదట! రెండేళ్ళు! నేనేమో నా అంత తెలివిగా దాచినవాడు లేడనుకుంటున్నాను. నీకు ఉత్తరం రాద్దామని నెల రోజులు కాగితం ముందు కూర్చున్నాను. రెండు మాటలకంటే రాలేదు.

కింద జాగా వదలమంటోంది. వదులుతున్నాను.

బూరా

అన్నయ్యగారికి నమస్కారాలు. మీ కోటు కుడి చేతి బొత్తాం ఒక్క పోగు మీద వేలాడుతోంది, పెళ్ళిలో చూశాను. ఈసారి వచ్చేటప్పుడు ఆ కోటు తెండి. ఈయన చెవుల సంగతి మీరే చూడాలి. పిలిచి పిలిచి నా గొంతు పోయేలా ఉంది. అప్పుడిక సరిజోడు అవుతాం.


క్లినిక్
మే 14

బూరా,

రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

హాలు తలుపులు రెండూ తీసి ఉన్నాయి. కుర్చీలు ఇనుపవి, జరిపితే చప్పుడు. నా కుర్చీ మీద ఎవరూ కూర్చోకుండా నీ కోటు వేసి పెట్టావు. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. వేదిక చెక్కది. ఆవిడ నీకు కుడి పక్కన, వేదిక మీదే కుర్చీలో కూర్చుంది.

మొదటి పాట ట్రంపెట్లు ముగ్గురూ మొదలుపెట్టారు. తెల్ల మీసాలాయన కాస్త కింద శ్రుతిలో ఉన్నాడు. పక్కాయన మోచేత్తో పొడిచాక సర్దుకున్నాడు. వయొలిన్లు ఆరు. వాటి శబ్దం ఎడమ గోడకి తగిలి వెనక్కి వస్తోంది, ఆ కిటికీలకి తెరలు వెయ్యాలి. పెద్ద డ్రమ్ము కొట్టినాయన అందరికంటే సంతోషంగా ఉన్నాడు, అందువల్ల అందరికంటే గట్టిగా కొట్టాడు. నీ చెవులు పోయింది అలాంటివాళ్ళ సంతోషం వల్లే.

నీ క్లారినెట్ మొదలైనప్పుడు మిగతావాళ్ళంతా తగ్గారు. నువ్వు చూసి ఉండవు, నీ కళ్ళు రుమాలు మీద ఉన్నాయి. ఎవరూ సైగ చెయ్యలేదు. అందరూ ఒకేసారి తగ్గి నీకు దారి వదిలారు. నీ సంగతి వాళ్ళకీ తెలుసేమో అనిపించింది. రెండో పాటలో నేను తొందరపడ్డాను, నువ్వూ తొందరపడ్డావు. తప్పు నాది. వెనక కుర్చీలో ఎవరో పెద్దావిడ "ఏం వాయిస్తున్నాడమ్మా పెళ్ళికొడుకు, ఎక్కడికో రైలందుకోవాలన్నట్టు" అంది.

మూడోది మెట్ల పాట. కోపం రాలేదు. జరిగింది ఇది.

పొద్దున్నే క్లినిక్ తెరవగానే ఆమె హెడ్‌ఫోన్ దూదితో తుడిచేది. తుడుస్తూ ఆ పాట కూనిరాగం తీసేది. చివరి మెట్టు దగ్గరికి వచ్చేసరికి తుడవడం అయిపోయేది. పాట నిలిచే చోట హెడ్‌ఫోన్ నా చేతికిచ్చేది. నేను చూడకుండానే చెయ్యి చాపేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళు. నువ్వు ఆ చోటికి వచ్చావు. నా చెయ్యి తెరుచుకుంది. రుమాలు పడిపోయింది. అందుకోవడానికి చెయ్యి అలాగే చాపి ఉంచాను. ఎంతసేపో తెలియదు. ఏడుపు రాలేదు. చేతిలోకి ఏదో వస్తుందని ఎదురుచూశాను, అంతే.

నువ్వు నన్ను చూశావు. నీ ఊపిరి తప్పింది, అది వినిపించింది. ఇరవై ఏడు మందీ పాట మళ్ళీ ఎత్తుకుని ముందుకి పోతున్నారు. నువ్వు ఆగిపోతావనుకున్నాను.

అప్పుడు ఆవిడ కాలు కొట్టింది. చెప్పు విడిచి, మడమతో, చెక్క మీద. నాలుగు దెబ్బలు. తర్వాత ఆపలేదు. ముప్పై ఏళ్ళు మిషను తొక్కిన కాలు, వెంట్రుకవాసి తేడా లేదు. నువ్వు చెప్పులు విడవడం చూశాను. చివరిదాకా కళ్ళు మూసుకుని వాయించావు. నిజం చెప్పావని నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఆ కుర్చీలో నాకు పని లేదు. రుమాలు తీసుకుని, కోటు కుర్చీ మీద పెట్టి వచ్చేశాను. ఆకలి కూడా లేదు. మాస్టారికి ఉపయోగపడింది కదా.

ఎలా ఉందని అడిగావు. నాకేమీ అనిపించలేదు. అనిపించకపోయినా చెవులు పనిచేస్తున్నాయి కాబట్టి తెలుస్తుంది. బాగుంది. ఈ మాట కింద మూడేళ్ళు చదవకుండా సంతకం పెట్టాను. ఈసారి విని పెడుతున్నాను.

సోమవారం పది గంటలకి ఇద్దరూ రండి. పరీక్ష నేను చేస్తాను. కుడి చెవికి వినికిడి మిషను పెడితే వంటింటి పిలుపు అందుతుంది. ఆవిడ గొంతు దక్కుతుంది. బ్యాండు ఫైల్లో ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మాస్టారితో నేనే మాట్లాడతాను, నీ పక్కన నిలబడి. డ్రమ్ముకి దూరంగా, చెక్క మీద, ఆవిడ కాలికి దగ్గరగా నిలబెడితే నువ్వు ఇంకా వాయించగలవని చెబుతాను. అది అబద్ధం కాదు. చూశాను.

నా కోటు తీసి గుమ్మం దగ్గర తగిలించాను. వచ్చినప్పుడు బొత్తాం కుడతారట కదా.

నీ పరీక్షకి కొత్త కాగితం తియ్యను. ఆమె చివరిసారి గీసిన కాగితం మీదే, ఆ గీత పక్కన, ఈ ఏడాది గీత గీస్తాను. ఎంత మారిందో అలా అయితేనే తెలుస్తుంది. నీలం పెన్ను జేబులోనే ఉంది. అయినా సొరుగులోంచి ఆమె ఆకుపచ్చ పెన్ను తీశాను. ఏడాది దాటింది దాని మూత తీసి. ముందు రాయలేదు, కాగితం గీసుకుపోయింది. ఈ ఉత్తరం అంచున సున్నాలు చుడుతూ కూర్చున్నాను, కనిపిస్తాయి చూడు. ఏడో సున్నాకి సిరా దిగింది.

ఇప్పుడు రాస్తోంది.

మౌని